నా కార్డు మీద పన్నెండు విస్కీలు

మా ఆయనకి ఒకే ఒక్క దురలవాటు ఉంది. షరతులు చదువుతారు. పేకాటలో తగలేసే మొగుడైతే పుట్టింటివాళ్ళ జాలైనా దక్కుతుంది. షరతులు చదివే మొగుడి గురించి ఎవరితో చెప్పుకుని ఏడవాలి? మిక్సీ కొంటే నేను దాని గిన్నెలు కడిగి ఆరబెట్టేలోగా గ్యారంటీ కాగితం వెనకవైపు కంఠతా పట్టేస్తారు. మందుబిళ్ళల డబ్బాలో ఎనిమిది మడతలు పెట్టి దాచే కాగితం ఉంటుందే, దాన్ని రాసినవాడు కూడా రెండోసారి చదివి ఉండడు, అది విప్పి మంచం మీద పరుచుకుని చదువుతారు. "చదవనివాణ్ణే లోకం ముంచుతుందోయ్" అంటారు. పంపులు చేసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ ఆఫీసరు. ఇరవై ఆరేళ్ళు బోల్టుల దగ్గరా నట్ల దగ్గరా బేరమాడి ఆడి, ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఒక అసలు ధరా ఒక దొంగ ధరా ఉంటాయనీ, ఆ రెంటికీ మధ్యనున్న సందులో తాను నివసించగలననీ ఆయన నమ్మకం.

ఆయన చదివిన షరతుల్లో నన్ను నిజంగా ముంచినవి ఓడవాళ్ళవి. మా బావగారు రిటైరయ్యారు. ముప్పై అయిదేళ్ళు ఆఫీసు కుర్చీలో కూర్చుని అలిసిపోయారు కనుక, ఇప్పుడు వారం రోజులపాటు ఓడ మీద కుర్చీలో కూర్చోవాలని అన్నదమ్ములిద్దరూ తీర్మానించారు. అత్తయ్యకి ఎనభై ఒకటి. "సముద్రం చూడకుండా పోతానేమో" అన్నారు, వెంట పెట్టుకున్నాం. తోడికోడలు రాలేదు. కూతురి పురిటికని వెళ్ళిన మనిషి మూడు నెలలుగా అక్కడ పిల్ల బట్టలు ఉతుకుతూ, బావగారి మాటల్లో చెప్పాలంటే, "హాయిగా రెస్టు తీసుకుంటోంది."

ఓడలో తిండి టిక్కెట్లోనే వచ్చేస్తుంది కానీ మందుకి విడిగా కట్టాలి. గ్లాసు గ్లాసుకీ కట్టలేనివాళ్ళకోసం ప్యాకేజీ అని ఒకటి పెట్టారు. ముందే మొత్తం కట్టేస్తే మనిషికి రోజుకి పదిహేను గ్లాసులు, ఏదైనా తాగొచ్చు. బార్‌లో గదికార్డు చూపిస్తే వాళ్ళ తెర మీద మన ఫోటో వస్తుంది, గ్లాసు ఇస్తారు. వడ్డించేవాళ్ళకివ్వాల్సిన టిప్పు కూడా ముందే అందులో కలిపేస్తారు. ఒక మెలిక ఉంది. గదిలో ఒకరు కొంటే ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళందరూ కొనాలి. బావగారూ అత్తయ్యా ఒక గది. బావగారు కొంటే అత్తయ్యకి కూడా రోజుకి పదిహేను గ్లాసులు కొనిపెట్టాలి. ఆ తల్లి దగ్గుమందు కూడా చెంచాలో సగమే తాగుతుంది.

"అన్నయ్య కొనక్కర్లేదు," అన్నారు మా ఆయన, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి. బేరం కుదిరినప్పుడు అలాగే తోస్తారు. "నేను కొంటే ఎలాగూ నీకూ కొనాలి. నువ్వు తాగవు. నీ పదిహేనూ వృథాయేగా? నీ కార్డు మీద తీసుకొచ్చి అన్నయ్యకిచ్చెయ్."

"ఇంకొకళ్ళకి ఇవ్వకూడదని షరతుంది కదండీ? మీరే చదివి వినిపించారు."

"ఉంది. అది వాళ్ళ షరతు. మనది కుటుంబం."

ఇరవై ఆరేళ్ళలో ఆ ఒక్కమాట మీద నేను గెలిచింది లేదు. కుటుంబం అనగానే నోరు మూసుకోవాలని ఎక్కడా రాసి లేదు, అయినా మూసుకుంటాను. అది ఆయన చదవని షరతు, నేను చదవకుండానే సంతకం పెట్టిన షరతు.

మొదటిరోజు మధ్యాహ్నం మొదలైంది నా ఉద్యోగం. పై అంతస్తులో ఈతకొలను పక్కన బార్, దాని పక్కన నీడపట్టున వాలుకుర్చీలు. బావగారికి అందులో ఒకటి నచ్చింది. ఇక వారం రోజులూ అది ఆయన సింహాసనం. బార్ వెనక ఒక అమ్మాయి. ఎప్పుడు చూసినా నిమ్మకాయలు కోస్తూ ఉండేది, అందుకని నా మనసులో నిమ్మచెక్కమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. రొమ్ము మీది పేరుబిళ్ళలో అసలు పేరుంది, నాకు నోరు తిరగలేదు. కార్డు గీసింది. తెర మీద నా మొహం వచ్చింది. ఓడ ఎక్కే గుమ్మం దగ్గర సామాను లెక్కపెట్టుకుంటుండగా తీసిన ఫోటో, దొంగలా ఉన్నాను. విస్కీ అడిగాను. తెర వైపూ నా వైపూ చూసింది.

"మీకేనా మేడమ్?"

"అవును," అన్నాను. నా జీవితంలో విస్కీ గురించి నేను మాట్లాడిన మొట్టమొదటి మాట, అదీ అబద్ధం.

గ్లాసు పట్టుకుని ముప్పై అడుగులు నడిచి బావగారి చేతికిచ్చాను. ఇంట్లో కాఫీ, ఇక్కడ విస్కీ. ఇంట్లో ఉన్నప్పుడు కనీసం ట్రే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి ఇంకో బల్ల దగ్గర వడ్డిస్తోంది. ఆమెకి యూనిఫారం ఉంది, పేరుబిళ్ళ ఉంది, రాత్రికి డ్యూటీ దిగుతుంది, నెలయ్యేసరికి జీతం వస్తుంది. ఇద్దరం చేసేది ఒకటే పని. సెలవు మీద వచ్చినదాన్ని మాత్రం నేను!

ఆ సాయంత్రం నాకు ఓడ పడలేదు. కడుపులో సముద్రం. "అనుకుంటే వస్తుంది, అనుకోకు, తగ్గిపోతుంది," అన్నారు మా ఆయన, రొయ్యలు ఒలుచుకుంటూ. బార్ దగ్గర స్టూలు మీద కూలబడితే ఆ అమ్మాయి అడక్కుండానే పచ్చ ఆపిల్ ముక్కలు కోసి, అల్లం నీళ్ళూ ఉప్పు బిస్కెట్లూ ముందు పెట్టింది. "మెల్లిగా నమలండి మేడమ్. మేమందరం ఇదే తింటాం. ఇది బార్‌ది కాదు, నా డబ్బాలోది." అరగంటకి లోకం నిలబడింది. నా పర్సులోంచి ఒక నోటు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయనిచ్చింది కాదు, నేను ఇద్దరు పిల్లలకి ట్యూషను చెప్పి దాచుకున్నది. ఆ అమ్మాయి చెయ్యి చాపేలోపల నా భుజం మీదుగా ఇంకో చెయ్యి వచ్చింది. బొటనవేలికి రొయ్య మసాలా ఉంది. నోటు తీసి మళ్ళీ నా పర్సులో కుక్కింది.

"అన్నీ అందులోనే కలిపి కట్టాంగా. మళ్ళీ ఎందుకూ? ఇలాగే అలవాటు చేస్తారు మీ ఆడవాళ్ళు."

నిమ్మచెక్కమ్మాయికి మాట అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది. "పర్వాలేదు సార్," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలుసు. చుట్టాలు అన్నం అయిపోయిన గిన్నెలో గరిటె గీకుతూ "నీకుందా అమ్మా?" అన్నప్పుడు నేను నవ్వే నవ్వు అది. పెళ్ళయిన కొత్తలో నెలకింత నా చేతిఖర్చుకి ఇవ్వమని అడిగితే అత్తయ్య కూడా ఇదే అన్నారు, "తిండీ బట్టా అన్నీ అందులోనే ఉన్నాయిగా, మళ్ళీ విడిగా ఎందుకే?" అని. అప్పుడు నేనూ "పర్వాలేదండీ" అన్నాను. నాకు ఇరవై రెండేళ్ళు, డిగ్రీలో మొదటి తరగతి. ఆ మాట మింగడం ఏ తరగతిలోనూ నేర్పలేదు, ఎలా వచ్చిందో వచ్చేసింది. స్టూలు మీంచి దిగి గదికి వెళ్ళి, వాంతి చేసుకుని, ఆయన రేపటి చొక్కా ఇస్త్రీ చేశాను. చెయ్యమని ఎవరూ అడగలేదు. అదీ నా కోపం. అడక్కుండానే చేశాను.

రెండోరోజూ అదే. మూడోరోజు ఖాళీ సమయంలో గ్లాసులు తుడుస్తూ తన గురించి చెప్పింది. మూడేళ్ళు ఓడ అడుగున, కిటికీ లేని గదిలో గ్లాసులు కడిగిందట. రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారి పాసై ఈ ఏడాదే పైకి వచ్చిందట. "కింద ఉన్నప్పుడు సముద్రం చప్పుడే తెలుసు మేడమ్. చూడ్డం ఇప్పుడే." ఆ తరవాత గొంతు తగ్గించింది. "మిమ్మల్ని అడగడం నా డ్యూటీ. మీకే అంటే పొయ్యడం కూడా నా డ్యూటీయే. కానీ ఇది మీకోసం కాదని తెలిసీ పోశానని పైవాళ్ళు అనుకుంటే నన్ను ఓడ దింపేస్తారు. కోపం తెచ్చుకోకండి. కొన్ని ఇక్కడా, కొన్ని కింది అంతస్తు బార్‌లోనూ తీసుకోరూ?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బతిమాలింది. వెళ్ళి ఆయనతో చెప్పాను.

"ఎవరు చూస్తారే? వేలమంది ఉన్నారు ఓడలో," అన్నారు.

"అమ్మాయ్, కింది బార్ మరీ దూరం. నువ్వు వచ్చేసరికి ఐసు కరిగిపోతుంది," అన్నారు బావగారు. నా కాళ్ళ గురించి కాదు, ఐసు గురించి.

నేను మళ్ళీ అక్కడికే వెళ్ళాను. ఇది దాచను. ఆ అమ్మాయి చెప్పింది విని, తలూపి, మళ్ళీ అక్కడికే వెళ్ళి "నాకే" అన్నాను. ఆమె ఈసారి నా మొహం చూడకుండా అడిగింది, నేను ఆమె మొహం చూడకుండా చెప్పాను.

నాలుగోరోజు ఏ రేవూ లేదు. పొద్దుటినుంచీ నీళ్ళే. బావగారికి పేకాటకి ఇద్దరు దొరికారు, ఒకాయనకి గడ్డం, ఒకాయనకి పొట్ట. వాళ్ళకి ప్యాకేజీ లేదు. "ఏం ఫర్లేదు, మా మరదలు బంగారం. కూర్చున్నచోటికే అందిస్తుంది," అన్నారు బావగారు, పరాయివాళ్ళతో, నా ఎదురుగా, నన్ను అడక్కుండా. గడ్డమాయన నాకేసి చూసి చిటికె వేశాడు. నిజంగా చిటికె వేశాడు. నిమ్మచెక్కమ్మాయికి కూడా ఎవరూ చిటికె వెయ్యగా నేను చూడలేదు. మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయనకి కనిపించిందా అంటే, ఆ సమయంలో ఆయన ఆ మధ్యాహ్నం భోజనం విడిగా కొంటే ఎంతయ్యేదో లెక్కేస్తున్నారు. నేను తెచ్చాను. సాయంత్రం అయిదయ్యేసరికి పన్నెండు.

అయిదున్నరకి తెల్ల యూనిఫారం వేసుకున్న బార్ సూపర్‌వైజరు మా దగ్గరకొచ్చి, ఎంతో మర్యాదగా, ఒక్కసారి ఆఫీసులోకి రమ్మన్నాడు. పేకాటవాళ్ళిద్దరూ అంతలోనే ఎలా మాయమయ్యారో తెలియదు. నేనూ మా ఆయనా బావగారూ వెళ్ళాం. ఒంటరిగా కూర్చోనని అత్తయ్యా వచ్చారు. బార్ వెనక చిన్న గది. గుండ్రటి కిటికీ, బల్ల, నాలుగు కుర్చీలు, గోడమీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు. గోడకి ఆనుకుని నిమ్మచెక్కమ్మాయి నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుంది. నిమ్మరసం వాసన వస్తోంది.

సూపర్‌వైజరు నాకేసి చూసి, "మేడమ్, మీ ఆరోగ్యం బాగానే ఉందా?" అన్నాడు. నాలుగు రోజుల్లో నా ఒంటి సంగతి పట్టించుకున్న రెండో మనిషి. "పొద్దున్న పదినుంచి మీ కార్డు మీద పన్నెండు విస్కీలు వెళ్ళాయి. ఇంత తాగినవాళ్ళకి ఇంకా పొయ్యకూడదు. కంప్యూటరు మాకు హెచ్చరిక పంపింది."

నేను నోరు తెరిచేలోపల మా ఆయన అందుకున్నారు. "అవునండీ. మా ఆవిడకి కాస్త అలవాటుంది."

అత్తయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బావగారు కిటికీలోంచి సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగారు. మా ఆయన నావైపు తిరిగి, తెలుగులో, పెదవులు కదలకుండా, "మాట్లాడకు. ఇద్దరి ప్యాకేజీ రద్దు చేస్తారు," అన్నారు.

సూపర్‌వైజరు చిన్న మిషను తీసి నన్ను ఊదమన్నాడు. ఊదాను. సున్నా. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో సున్నా వస్తే రెండు రోజులు అన్నం తినలేదు. ఈ సున్నాని మాత్రం పటం కట్టించుకోవాలనిపించింది. పెళ్ళయ్యాక నా తరఫున సాక్ష్యం చెప్పిన మొదటి ప్రాణి ఆ మిషనే.

"మేడమ్ ఒక్క చుక్క కూడా తాగలేదు. మరి పన్నెండు ఎవరు తాగారు?"

మా ఆయన బుర్రలో చక్రాలు తిరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తుంది, ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆగాయి. కళ్ళజోడు నుదుటి మీదకి వెళ్ళింది.

"అయితే ఈ అమ్మాయే రాసేసుకుని ఉంటుంది. గ్లాసుకింతని టిప్పు వీళ్ళకే కదా వెళ్ళేది? మా ఆవిడకి ఒంట్లో బాగోలేదు, ఏం గీస్తున్నారో చూసుకోదు. అలుసు చూసుకుని ఎక్కించేసి ఉంటుంది."

మనిషిని ముంచడానికి ఎంతసేపు పడుతుంది? పంపుల ఫ్యాక్టరీలో ఎన్ని కొటేషన్లు ఇలా తీరిగ్గా చింపేసి ఉంటారో. ఆ అమ్మాయి ఏడవలేదు. "నేను ప్రతిసారీ అడిగాను సార్," అంది సూపర్‌వైజరుతో, అంతే. అడిగితే నేనేం చెప్పానో చెప్పలేదు. నాకేసి వేలు చూపలేదు. "దొంగరాత అయితే రేపు పొద్దున్న రేవులో దిగిపోవాలి. నీకు తెలుసుగా," అన్నాడతను. తెలుసన్నట్టు తలూపింది. మూడేళ్ళు కడిగిన గ్లాసులూ, రెండుసార్లు తప్పిన పరీక్షా ఆ తలూపులో నాకు కనిపించాయి.

"నేనే తీసుకెళ్ళాను," అన్నాను.

గొంతు నాదిలా లేదు. వంటింట్లోంచి హాల్లోకి వినపడేలా పిలిచే గొంతు అది. "పన్నెండూ నా ఈ చేతులతోనే తీసుకెళ్ళాను. అయిదు ఈ బావగారికి, నాలుగు గడ్డమాయనకి, మూడు పొట్టాయనకి. నాలుగు రోజులుగా ఇదే. అమ్మాయి అడిగిన ప్రతిసారీ నాకేనని అబద్ధం చెప్పాను. ఇంకొకళ్ళకి ఇవ్వకూడదని నాకు తెలుసు. అయినా మళ్ళీ వెళ్ళి చెప్పాను. తప్పు నేను చేశాను, ఆమె చెయ్యలేదు. రాసుకోండి."

సూపర్‌వైజరు రాసుకున్నాడు. సగంలో ఆగాడు. "క్షమించాలి మేడమ్. ప్యాకేజీ సారు పేరు మీద ఉంది. మీరు కాగితాల్లో రెండో అతిథి. సారు చెప్పింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి అయితే సారు మాటే రాయాలి. ఆయన దిద్దుకుంటే తప్ప."

రెండో అతిథి! రేషను కార్డులోనూ, గ్యాసు పుస్తకంలోనూ, పిల్లల బడి ఫారాల్లోనూ నేను రెండోదాన్నే, కానీ అతిథినని ఎవరూ అనలేదు. అతిథి చేత పన్నెండు గ్లాసులు మోయిస్తారా ఎవరైనా?

"ఆవిడకి వాంతులండీ, బుర్ర పనిచెయ్యడం లేదు. ఏదో జాలిపడి మాట్లాడుతోంది," అన్నారు మా ఆయన లేస్తూ. "మేం భోజనానికి వెళ్ళాలి. మిగతాది రేపు చూద్దాం."

"రేపటికి ఈమె ఉండదు సార్. ఏడుగంటలకి ఈ కాగితం పైకి పంపాలి."

"అది మీ ఇష్టం. పదవే."

నేను లేవలేదు.

లేవకూడదని నిర్ణయించుకుని కూర్చోలేదు, నిజం చెప్పాలి. లేవడానికి కారణం వెతుక్కున్నాను, దొరకలేదు. మా ఇంట్లో ఇన్నేళ్ళలో పడిన ప్రతి గొడవలోనూ ఆయనే గెలిచారు. ఆయన వాదన గొప్పదని కాదు, నేను ముందు లేవాల్సి వచ్చేది. సరిగ్గా నాలుక చివర మాట ఉండగా పాలు పొంగేవి. కుక్కరు కూసేది. పిల్లాడు బూటు దొరకలేదని ఏడ్చేవాడు. నేను వెళ్ళి వచ్చేసరికి ఆయన పేపరు చదువుకుంటూ ఉండేవారు, "ఇంకా అదేనా?" అనేవారు. పొయ్యి మీద ఏదో ఒకటి ఉన్న మనిషి ఎప్పటికీ గొడవ గెలవలేదు. ఇక్కడ పొయ్యి లేదు. వేలమందికి ఎవరో వండుతున్నారు. పక్కలు ఎవరో వేస్తున్నారు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా కోసం ఏదీ మాడిపోవడం లేదు. ఎంతసేపైనా కూర్చోగలను. ఈ సంగతి తెలియగానే నా ఒళ్ళు కుర్చీలో రాయిలా దిగబడింది.

"ఇక్కడ పరువు తియ్యకు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నారు.

"ఇంటికెళ్తే పొయ్యి ఉంటుందండీ."

ఆయనకి అర్థం కాలేదు. ఇంకో దారి పట్టారు. "అమ్మకి మాత్రల వేళయింది. వెళ్ళి ఇవ్వు."

ఈ దారి ఎప్పుడూ తప్పలేదు. నేను లేవబోయాను కూడా, మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. అత్తయ్య చెంగు నోటికి అడ్డం తీసి, "నా మాత్రలు నాకు తెలీవేంట్రా?" అన్నారు. "పొద్దున్న తెల్లది, సాయంత్రం గులాబీది, పడుకునేముందు సగం ముక్క. పదేళ్ళనుంచి తెలుసు. అది తెచ్చిస్తుంటే తీసుకుంటున్నాను, అంతే."

పదేళ్ళు! రోజుకి మూడుసార్లు, గోరువెచ్చని నీళ్ళతో! అత్తయ్యకేసి చూశాను. ఆవిడ చూపు తిప్పుకున్నారు, కానీ కుర్చీలోంచి కదల్లేదు. ఆ పూటకి అది చాలు, మిగతాది తరవాత చూసుకోవచ్చు.

బావగారు జేబులోంచి మడత నోటు తీశారు. "చిన్న విషయానికి ఎందుకమ్మా ఇంత? పోనీ ఆ పిల్లకి ఇది ఇచ్చేద్దాం. కుశాలవుతుంది."

"బావగారూ, నాలుగు రోజులు పోసినప్పుడు ఇవ్వని టిప్పు ఇప్పుడెందుకు? ఇది నోరు మూసుకున్నందుకు ఇచ్చేది. దానికి వేరే పేరుంది."

ఆయన నోటు జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించారు. జేబు దొరకలేదు.

మా ఆయన తలుపు ధడేలున తీసుకుని వెళ్ళిపోయారు. సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. ఆరుంబావు. నిమ్మచెక్కమ్మాయి బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకి మార్చుకుంది. పొద్దుటినుంచీ నిలబడే ఉంది. ఆయన ఖాళీ చేసిన కుర్చీ ఆమెవైపు తోశాను. ఆమె సూపర్‌వైజరు మొహం చూసింది. అతను గోడమీది చేతులు కడుక్కునే బొమ్మలు చదువుతున్నాడు. కూర్చుంది.

ఇరవై నిమిషాలకి తలుపు మెల్లిగా తెరుచుకుంది.

"గది తాళంకార్డు నీ సంచిలో ఉంది," అన్నారు మా ఆయన.

"ఉంది."

"ఇవ్వు. ఇంతకీ మన గది ఎన్నో అంతస్తు?"

నాలుగు రోజులుగా ఆ గదికి వెళ్తున్నారు, వస్తున్నారు, నా వెనకాల. ఏ లిఫ్టు, ఏ మలుపు, ఏ నంబరు, ఏ భోజనాల హాల్లో మన బల్ల, రాత్రికి వేసుకోవలసిన చొక్కా ఎక్కడ, ఏదీ ఆయన తలలో లేదు. అవన్నీ నా తలలో ఉన్నాయి, ఆయన తల షరతులకి ఖాళీగా ఉంచడం కోసం.

"చెప్పను," అన్నాను.

అంత ముద్దుగా ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఆయన చుట్టూ చూశారు. కుర్చీ లేదు. తన కుర్చీలో బార్ పిల్ల కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఇందాక ఆమె నిలబడ్డ చోటే. తల్లి చూస్తోంది, అన్న కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఆరూ నలభై. ఆరూ యాభై. నాకు ఎక్కడికీ తొందర లేదు. ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ మీద సన్నటి కత్తిగాట్లు, నిమ్మరసం తగిలితే మండే గాట్లు. ఆయన వాటికేసి చూడ్డం నేను చూశాను. నాలుగు రోజుల్లో ఆయన ఆమెను చూడ్డం అదే మొదలు. చాలాసేపు చూశారు.

"సరే," అన్నారు, నాతో, తెలుగులో. "నాదే తప్పు. చాలా? ఇక లే."

"నాకు కాదు. ఆ అమ్మాయికి చెప్పండి. ఆమెకి అర్థమయ్యే భాషలో. ఆయన రాసుకునేలా."

మెడ ఎర్రబడింది. కొటేషన్లు చదివే గొంతు రాలేదు, ఇంకేదో చిన్న గొంతు వచ్చింది, నాకు కొత్త. "ఆ గ్లాసులు మా అన్నయ్యా, ఆయన స్నేహితులూ తాగారు. తెమ్మని నా భార్యని పంపింది నేను. ఆమెకి అలవాటు లేదు. ఈ అమ్మాయి దొంగరాత రాయలేదు. నేను అబద్ధం చెప్పాను."

సూపర్‌వైజరు కలం కాగితం మీద పరిగెత్తింది. మా ఆయన ఎదురుచూశారు. ఆ అమ్మాయి నోట్లోంచి రావలసిన మాట కోసం, అది రాకపోతే నా నోట్లోంచి రావలసిన మాట కోసం. ఇద్దరం అరిగిపోయేదాకా వాడిన మాటే, "పర్వాలేదు." ఆమె నాకేసి చూసింది. నేను ఆమెకేసి చూశాను. ఇద్దరం అనలేదు.

అప్పుడు ఆయన, ఎవరూ దాటించని గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడి, మళ్ళీ అన్నారు, ఈసారి కొంచెం గట్టిగా:

"తప్పు నాది."